ఆరు తెడ్ల యంత్రం: మా షాపు అమ్మాయి డిగ్రీ పండక్కి

జూన్, మొదటి వారం

మా షాపులో సాయంత్రాలు పనిచేసే అమ్మాయి బి.ఎస్సీ. పాసైంది. కెమిస్ట్రీ మేజర్, డిస్టింక్షన్. అంతకన్నా ఎక్కువ సంతోషం ఏంటంటే, బురదనీళ్ళని చిల్లగింజలతో తేర్చడం మీద ఆఖరి ఏడాది తను చేసిన ప్రాజెక్టుకి కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. వైవాకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు రిపోర్టు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, ఎమ్మెస్సీ పిల్లలు కూడా ఇంత శ్రద్ధగా రాయరు అన్నారట. ఆ మాట వాళ్ళ కెమిస్ట్రీ మేడం గారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

మాది రాజమండ్రిలో ల్యాబు పరికరాలు బాగుచేసే షాపు. పీహెచ్ మీటర్లు, కలరీమీటర్లు, మైక్రోస్కోపులు, నీటి మురికి కొలిచే నెఫెలోమీటర్లు వస్తుంటాయి. డిగ్రీ రెండో ఏడాదిలో ఈ అమ్మాయి బిల్లులు రాయడానికని చేరింది. కాలేజీ అయిపోగానే వచ్చి రాత్రి ఎనిమిది దాకా ఉండేది. నెల తిరక్కుండానే ఎలక్ట్రోడ్లు కడగడం, బఫర్ ద్రావణాలు కలపడం తన చేతిలోకి వెళ్ళిపోయాయి. ఆర్నెల్లు తిరిగేసరికి నెఫెలోమీటరు వస్తే నేను మూత తియ్యను, తనకే ఇచ్చేస్తాను.

పండగ ఎలా చెయ్యాలని షాపులో కూర్చుని మాట్లాడుకున్నాం. శాలువా, దండ, కేకు అన్నారు మావాళ్ళు. అవీ ఉంటాయి, కాదనను. కానీ తను చేసిన పనికి తగిన మర్యాద ఆ పనిని మళ్ళీ ఎవరైనా చేసి చూసేలా చెయ్యడం అని నాకు గట్టిగా అనిపించింది. అందుకే వాళ్ళ కాలేజీ ల్యాబుకి ఆరు తెడ్ల కలుపుడు యంత్రం తయారుచేసి, తన పేరు మీద ఇద్దామని నిర్ణయించాం. నీళ్ళ ల్యాబుల్లో దీన్ని జార్ టెస్ట్ యంత్రం అంటారు. ఆరు బీకర్లలో ఒకే నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో నీళ్ళని తేర్చే పటికలాంటి మందు ఒక్కో మోతాదు వేసి, ఆరింటినీ ఒకే వేగంతో తిప్పి, ఏది బాగా తేరుకుందో చూడ్డం దాని పని.

ప్రాజెక్టు చేసిన రోజుల్లో తనకి అది లేదు. ఒకమ్మాయి గడియారం చూస్తూ లెక్క చెబుతుంటే, ముగ్గురు రెండు చేతులతో రెండేసి గాజు కడ్డీలు తిప్పేవాళ్ళు. ఇరవై నిమిషాలు అలా తిప్పితే భుజాలు పట్టేస్తాయి. ఒకళ్ళ చెయ్యి ఒకలా తిరుగుతుంది కదా, ఆ తేడా ఫలితాల్లో ఉండే వీలుందని రిపోర్టులో తనే రాసుకుంది. ఆ లోటు తీర్చడమే మా కానుక.

అదే వారం, శనివారం

అసలు ప్రాజెక్టు ఏంటో ఇక్కడ రాసి ఉంచాలి, లేకపోతే ఈ యంత్రం ఎందుకో అర్థం కాదు.

ఈ అమ్మాయి వాళ్ళది గోదావరి మధ్యలో లంక. పంటు ఎక్కి దాటాలి. మొదటి ఏడాది అయ్యాక ప్రతి డిగ్రీ విద్యార్థీ చెయ్యాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, 180 గంటలు. తను సొంత ఊళ్ళోనే తాగునీటి సర్వే చేసింది. ఏ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారు, వరద రోజుల్లో ఏం చేస్తారు అని ఇంటింటికీ తిరిగి రాసింది. ఆ తిరుగుడులోనే పెద్దవాళ్ళు కొందరు చిల్లగింజ సంగతి చెప్పారట. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు కుండ లోపలి గోడకి గింజని అరగదీసి నీళ్ళు పోసేవాళ్ళు. రాత్రి పోసిన నీళ్ళు పొద్దుటికి తేరుకునేవి. వాళ్ళ నాయనమ్మా అలాగే చేసేదట. కొన్ని ఊళ్ళలో దీన్నే ఇండుప గింజ అంటారు. ఆయుర్వేదంలో కతకం పేరుతో నీటిని తేటపరిచే గింజగా పాతకాలం నుంచీ ఉన్నదే.

ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలిసి ఊరుకున్నారు. ఈ అమ్మాయి ఒకరోజు నెఫెలోమీటరు గొట్టం తుడుస్తూ అడిగింది: "బాబాయ్ గారూ, ఎంత అరగదీస్తే ఎంత తేరుకుంటుందండీ? ఎవరైనా కొలిచారంటారా?" కొలిచినవాళ్ళు ఉన్నారు. మన దేశంలో నీటి శుద్ధి మీద పనిచేసే శాస్త్రవేత్తలు దీన్ని పటికకి తోడుగా వాడి చూశారు. వాళ్ళ పేపర్లు తనే వెతుక్కుని చదివింది. కానీ మన గోదారి నీళ్ళకి, మన వరద మట్టికి ఎంత అన్నది తను కొలవాలనుకుంది. మేడం గారు సరేనన్నారు.

మొదటి అడ్డంకి గింజలు. ఆయుర్వేద సరుకుల కొట్లో దొరికాయి గానీ, తను వెంటనే వాడలేదు. చిల్లగింజా, ముష్టిగింజా ఒకే ప్రజాతికి చెందిన రెండు వేరువేరు చెట్లవి. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, ప్రాణం తీసే విషం. అందుకని కొన్న గింజలన్నీ తెల్ల కాగితం మీద పోసి ఒక్కొక్కటీ చూసింది. ముష్టిగింజ పెద్దది, బిళ్ళలా పలచగా ఉంటుంది. పట్టులాంటి నూగు మెరుస్తూ ఉంటుంది. చిల్లగింజ చిన్నది, ఉబ్బెత్తుగా, గుండ్రంగా, బూడిదరంగులో ఉంటుంది. తన కళ్ళని నమ్మకుండా బోటనీ మాస్టారి దగ్గరకి పట్టుకెళ్ళి, ఆయన చూసి సరేనన్నాకే మొదలుపెట్టింది. డిగ్రీ పిల్లలో ఈ జాగ్రత్త ఉంటే ఎమ్మెస్సీలో ఇంకేం కావాలి!

జూన్, రెండో వారం

ఫ్రేము మొదలైంది. లీటరు బీకరు అడ్డం 105 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పక్కపక్కన పెడితే వేలు దూరడానికి కాస్త సందుండాలి. అందుకని ఇరుసుకీ ఇరుసుకీ మధ్య దూరం 120 మిల్లీమీటర్లు పెట్టాం. ఈ అంకె ఊరికే తీసుకున్నది కాదు. ఇరుసుల్ని కలిపే పళ్ళ బెల్టు 280 మిల్లీమీటర్ల చుట్టుతో రెడీగా దొరుకుతుంది. ఇరవై పళ్ళ పుల్లీ చుట్టుకొలత 40 మిల్లీమీటర్లు. బెల్టు రెండు పుల్లీల మీదా సగం సగం చుట్టుకుంటుంది గనక 280లోంచి 40 తీసేసి సగం చేస్తే సరిగ్గా 120. బీకర్లకి కావాల్సిన దూరం, బజార్లో దొరికే బెల్టు ఇలా కలిసిరావడం అరుదు.

ఆరు ఇరుసులకి ఐదు బెల్టులు, మోటారు నుంచి మూడో ఇరుసుకి ఇంకొకటి. మోటారుని చివర్న పెట్టొచ్చు, కానీ మధ్యలో పెడితే లాగుడు రెండు వైపులా పంచుకుంటుంది. ఇరుసులు ఆరు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలు. ఒక్కోదానికి పైనొకటి, కిందొకటి బేరింగు. బేరింగు పట్టే పలకలకి గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడుగు బెజ్జాలు వేయించాను, బెల్టు బిగువు సర్దుకోవడానికి. బిగువు ఎక్కువైతే బేరింగు మీద పక్కభారం పడి అరుస్తుంది, తక్కువైతే పళ్ళు జారతాయి. వేలితో నొక్కితే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళాలి, వదిలితే వెంటనే తిరిగి రావాలి. దీనికి వేలే కొలత.

తెడ్లు 75 మిల్లీమీటర్ల పొడవు, 25 ఎత్తు. ఇది జార్ టెస్టుల్లో మామూలుగా వాడే కొలతే. లేత్ షాపులో కడ్డీ కింది చివర చీల్చి, రేకు దూర్చి, టిగ్ వెల్డింగ్ పెట్టించాం. వెల్డింగ్ అయ్యాక గరుకుగా ఉన్నచోటల్లా ఎమరీ కాగితంతో తనే రుద్దింది. గరుకులో మడ్డి పట్టుకుని తర్వాతి పరీక్షలోకి వస్తుందని తన భయం. సరైన భయమే.

ఇదంతా తనకి తెలియకుండా చేద్దామని మావాళ్ళ సరదా. నాకు ఇష్టంలేకపోయింది. యంత్రం వాడే మనిషి పక్కన లేకుండా యంత్రం చెయ్యడం నా పద్ధతి కాదు. మొదటి రోజే తనకి చెప్పేశాను. "నాకోసం వద్దండీ" అంది ముందు. కాలేజీ కోసం అన్నాక పెన్సిలు తీసుకుని నా బొమ్మ మీద దిద్దడం మొదలెట్టింది.

జూన్, మూడో వారం

తను చెప్పిన మార్పులు మూడు. మూడూ పెట్టాం.

మొదటిది, మందు వెయ్యడం. ఒకదాని తర్వాత ఒక బీకరులో పైపెట్టుతో వేసుకుంటూ వెళ్తే ఆరోదాని దగ్గరకి చేరేసరికి మొదటిది అప్పుడే తిరుగుతూ ఉంటుంది. చురుగ్గా కలిపే దశే ఒక్క నిమిషం, అందులో ఇరవై సెకన్లు తేడా వస్తే ఫలితం చెడుతుంది. అందుకని ఒక అడ్డకడ్డీకి ఆరు చిన్న గొట్టాలు క్లిప్పులతో బిగించాం. మోతాదులు ముందే పోసి పెట్టుకుని, కడ్డీ పిడి తిప్పితే ఆరూ ఒక్కసారే బీకర్లలోకి ఒలుకుతాయి. గొట్టం గోడకి అంటుకున్న చుక్క కూడా పడాలని, ప్రతి గొట్టంలో కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ పోసి రెండోసారి వంచుతుంది. ఆ వంచడంలో తన మణికట్టు ఎంత నెమ్మదిగా తిరుగుతుందో చూస్తుంటే నాకు ముచ్చటేసింది.

రెండోది, నీళ్ళు తియ్యడం. తేరుకున్నాక నమూనా అన్ని బీకర్లలో ఒకే లోతు నుంచి తియ్యాలి. పైపైన తీస్తే అన్నీ తేటగానే కనిపిస్తాయి. ఆరు సిరంజీలకి సన్నని స్టెయిన్‌లెస్ గొట్టాలు తగిలించి, ఒక చట్రంలో నిలబెట్టి, నీటిమట్టానికి ఐదు సెంటీమీటర్ల కిందికి దిగేలా ఆపు పెట్టాం.

మూడోది వెలుతురు. బీకర్ల కింద పాలరంగు అక్రిలిక్ పలక, దాని కింద ఎల్‌ఈడీ పట్టీ. కింద నుంచి వెలుగొస్తే మడ్డి రేకులు కట్టడం కంటికి కనిపిస్తుంది. మామూలు బల్బు పెడదామని ఒకరన్నారు. దాని వేడికి అడుగు నీళ్ళు పైకి లేచి, దిగుతున్న మడ్డిని మళ్ళీ కదిలిస్తాయి. తను ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

మోటారు సంగతి క్లుప్తంగా రాస్తాను. స్టెప్పర్ మోటారు, అంటే ఒక్కో అడుగు వేస్తున్నట్టు ఆగి ఆగి తిరిగేది, చుట్టుకి 200 అడుగులు. దాన్ని నడిపే డ్రైవరు కార్డు, ప్రోగ్రాము ఎక్కించే చిన్న కంట్రోలు బోర్డు ఆర్డ్వినో నానో, 12 వోల్టుల సప్లై. నిమిషానికి 100 చుట్లు తిరగాలంటే సెకనుకి 333 అడుగులు, 30 చుట్లకి సెకనుకి 100. పూర్తి అడుగులతో నడిపితే బల్ల అంతా గుయ్యిమంటోంది. ఒక్కో అడుగునీ ఎనిమిది ముక్కలు చేసి నడిపితే ఆ రొద పోయింది. నిలబడ్డ మోటారుని ఒక్కసారిగా 100కి ఎగరమంటే దడదడలాడి నిలిచిపోతుంది, అందుకని రెండు మూడు సెకన్లలో మెల్లగా వేగం అందుకునేలా ప్రోగ్రాము రాశాను. నీళ్ళు పెట్టే భారం నిజానికి చాలా తక్కువ. బేరింగుల, బెల్టుల రాపిడే ఎక్కువ.

ఒకే ఒక్క బటన్. నొక్కితే ఒక నిమిషం 100, తర్వాత ఇరవై నిమిషాలు 30, తర్వాత ఆగి బీప్. తేరుకోవడానికి అరగంట గడిచాక ఇంకో బీప్. మొదటేడాది పిల్లలు కూడా భయం లేకుండా వాడాలి మరి.

జూన్ ఆఖరు

నీళ్ళు పోసి తిప్పాం. ప్రతి ఇరుసుకీ తెల్ల టేపు ముక్క అంటించి, నిమిషానికి ఎన్నిసార్లు కళ్ళముందుకి వస్తుందో లెక్కపెట్టాం. చివరి ఇరుసులకీ మధ్య ఇరుసుకీ తేడా లేదు. పళ్ళ బెల్టు కాబట్టి ఉండకూడదు కూడా. అయినా లెక్కపెట్టి రాసి పెట్టమంది. యంత్రం పక్కన ఉంచే రిజిస్టరులో మొదటి ఎంట్రీ అదే, తన చేత్తో.

ఈ రోజుల్లో గోదారి సన్నగా, తేటగా ఉంది. పరీక్షకి బురద నీళ్ళు కావాలి. లంక ఒండ్రుమట్టి ఒక సంచిలో తెప్పించి, బకెట్లో కలిపి, పెద్ద ఇసుక రేణువులు దిగేదాకా ఆగి, పైన ఉన్న మబ్బు నీళ్ళు తీసుకున్నాం. కింద దిగిపోయే ఇసుక మన సమస్య కాదు. ఎంతసేపు ఆగినా దిగని సన్న బంకమట్టే సమస్య. ఆ రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం, రుణావేశం, ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో తేలుతూనే ఉంటాయి. పటిక వేస్తే అల్యూమినియం అయాన్లు ఆ నెట్టుడుని చల్లారుస్తాయి, అల్యూమినియం హైడ్రాక్సైడు జిగురుగా ఏర్పడి రేణువుల్ని పోగుచేస్తుంది. చిల్లగింజలో ఉన్న పొడుగాటి అణువులు ఒక రేణువునీ ఇంకో రేణువునీ పట్టుకుని వంతెన కడతాయి. రెండూ తగు పాళ్ళలో కలిస్తే పటిక తక్కువ పడుతుంది. తన ప్రాజెక్టు తేల్చింది ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేల్చింది. గింజ రసం ఎక్కువైతే నీళ్ళు మళ్ళీ మబ్బుపడతాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ తేట అనుకునేవాళ్ళకి ఇది కొత్త.

సాయంత్రం అక్రిలిక్ పలక మీద ఆరు బీకర్లూ వెలుగుతుంటే షాపులో అందరం పనాపి చూశాం. పటికా గింజా కలిపిన బీకరులో తిప్పుడు నెమ్మదించిన కాసేపటికే సన్నటి నలకలు కనిపించాయి. అవే కలిసి రవ్వంత రేకులయ్యాయి. తెడ్డు ఆగగానే మంచులా మెల్లగా దిగడం మొదలెట్టాయి. ఏమీ వెయ్యని బీకరు అలాగే ఉంది.

జూలై, మొదటి వారం

ఇత్తడి పలక చెక్కించడానికి మాటర్ రాశాం. తన పేరు, డిగ్రీ, ప్రాజెక్టు పేరు, సంవత్సరం. చూసి, అప్పుడు కడ్డీలు తిప్పిన ముగ్గురు స్నేహితురాళ్ళ పేర్లూ, గడియారం చూసినమ్మాయి పేరూ కూడా ఉండాలంది. "వాళ్ళు లేకపోతే నా రీడింగులు లేవండి." పలక కొంచెం పెద్దదైంది. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, తీసుకోనీ.

ఈ వారమే తన రిపోర్టు మళ్ళీ మొత్తం చదివాను, ఫంక్షన్లో నాలుగు మాటలు చెప్పాలి కదా. నన్ను ఆపేసిన పేజీ ఒకటుంది. గింజ రసంతో తేర్చిన నీళ్ళని సీసాల్లో మూతపెట్టి ఉంచి రోజూ చూసింది. రెండో రోజుకి గింజ ఎక్కువ వేసిన సీసా నుంచి వాసన మొదలైంది. గింజలోంచి వచ్చిన సేంద్రియ పదార్థం నీళ్ళలో మిగిలి, సూక్ష్మజీవులకి తిండి అవుతుంది. పటిక మాత్రమే వేసిన సీసాకి ఆ వాసన లేదు. ఈ సంగతి రాయకపోతే అడిగేవాళ్ళు లేరు. తన ప్రాజెక్టు గింజ గొప్పదని చెప్పే ప్రాజెక్టు. అయినా ఆ పేజీ ఉంది. రోజూ ఎన్నింటికి మూత తీసిందో, ఎవరెవరు వాసన చూశారో, వాళ్ళు విడివిడిగా ఏం రాశారో పట్టికతో సహా ఉంది. ఆ నలుగురినీ ఒకరి మాట ఒకరికి తెలియకుండా అడిగిందట.

నేను ఇన్నేళ్ళుగా ల్యాబుల్లో తిరుగుతున్నాను. మీటరు చూపించింది రాసేవాళ్ళని చాలామందిని చూశాను. తనకి నచ్చని అంకెని కూడా అంత శ్రద్ధగా కొలిచి రాసేవాళ్ళు తక్కువ. నా ప్రసంగం ఆ పేజీ మీదే అని నిర్ణయించుకున్నాను.

నెఫెలోమీటరు గురించీ ఒక మాట. నీళ్ళలోకి కాంతి పంపి, 90 డిగ్రీల పక్కకి ఎంత చెదిరిందో చూసి మురికి చెబుతుందది. గాజు గొట్టం మీద వేలిముద్ర పడితే చాలు, అంకె మారిపోతుంది. షాపుకి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు మీటరు జబ్బు కాదు, గొట్టం మీది గీతలు. ఇది తనకి మా బల్ల దగ్గరే తెలిసింది. అందుకే ప్రాజెక్టంతా ఒకే గొట్టం, మూత మీద గుర్తు పెట్టి, ప్రతిసారీ ఒకే దిక్కుకి తిప్పి పెట్టింది. మీటరుని సరిచూసే ప్రామాణిక ద్రావణం హైడ్రజీన్ సల్ఫేటు, హెక్సమీన్ కలిపి తనే తయారుచేసుకుంది. హైడ్రజీన్ విషపూరితం గనక గ్లౌజులతో, మేడం గారి ఎదురుగానే. కాలేజీలో నేర్చుకున్నదీ షాపులో నేర్చుకున్నదీ తన రిపోర్టులో ఎక్కడ కలిశాయో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సంతోషం నాది.

జూలై, మూడో వారం

ఫంక్షన్ తేదీ నిర్ణయించే పని గోదారికి వదిలేశాం. కలిపిన బురద నీళ్ళు కాదు, అసలు ఎర్రనీళ్ళే కావాలి. పైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగితే ఇక్కడ నీళ్ళ రంగు మారుతుంది. కానీ మరీ ఆలస్యమైతే ఇంకో చిక్కు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అంటే పది లక్షల క్యూసెక్కులు దిగుతున్నట్టు. అంతదాకా వస్తే లంకలకి పంట్లు ఆపేస్తారు. అప్పుడు తన అమ్మానాన్నలు, నాయనమ్మ ఈవలి ఒడ్డుకి రాలేరు. వాళ్ళు లేకుండా ఈ పండగ దేనికి?

సోమవారం ఘాటు దగ్గరకి వెళ్ళి చూస్తే నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. మేడం గారికి ఫోన్ చేశాను. ప్రిన్సిపాల్ గారు గురువారం అన్నారు. తను ఇంటికి ఫోన్ చేసి, బుధవారం సాయంత్రమే దాటి వచ్చెయ్యమంది.

గురువారం రాత్రి

రెండు పెద్ద క్యాన్లలో నీళ్ళు ఒడ్డు నుంచి కాకుండా పడవ మీద కొంచెం లోపలికి వెళ్ళి తెచ్చాం. నెఫెలోమీటరు అంకె వందల్లో ఉంది. తాగునీటికి మన ప్రమాణం ప్రకారం ఆ అంకె ఒకటి దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఐదు దాకా ఒప్పుకుంటారు. అంత దూరం దిగాలి.

పటికా, గింజా ఒక శాతం ద్రావణాలు చేసుకుంది. అలా చేస్తే లీటరు నీళ్ళలో ఒక మిల్లీలీటరు వేస్తే పది మిల్లీగ్రాముల మోతాదు. లెక్క నోటితోనే తేలిపోతుంది. మొదటి బీకరులో ఏమీ లేదు. రెండోదాంట్లో పటిక కొంచెం, మూడోదాంట్లో అంతకి రెట్టింపు. నాలుగోదాంట్లో గింజ మాత్రమే. ఐదోదాంట్లో కొంచెం పటిక, కొంచెం గింజ. ఆరోదాంట్లో కొంచెం పటిక, చాలా గింజ. బటన్ నొక్కమని నాయనమ్మ చేతికిచ్చింది. ఆవిడ నొక్కగానే తెడ్లు లేచాయి. తను పిడి వంచింది, ఆరు మోతాదులూ ఒక్కసారే పడ్డాయి.

ఆ యాభై నిమిషాలూ ప్రసంగాలకి వాడుకున్నాం. ప్రిన్సిపాల్ గారు, మేడం గారు, తర్వాత నేను. వాసన పేజీ చదివి వినిపించాను. వెనక వరసల్లో పిల్లలు ముందు నవ్వారు, నలుగురిని విడివిడిగా అడిగిన సంగతి వచ్చేసరికి నిశ్శబ్దంగా విన్నారు. శాలువా వాళ్ళ నాన్న చేత కప్పించాం. ఆయన మాట్లాడలేదు, కూతురి సర్టిఫికెట్టు కాపీని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

బీప్ వచ్చాక సిరంజీలు దించి నమూనాలు తీసింది. మొదటి బీకరు అలాగే ఎర్రగా ఉంది. రెండోది మసక. మూడోది తేట. నాలుగోది, ఒక్క గింజదే, రెండోదానికంటే వెనక. ఐదోది మూడోదానితో సమానం, అంటే పటిక సగం వేసినా అదే తేట. ఆరోది ఐదోదానికంటే మబ్బు. చేత్తో తిప్పిన రోజుల్లో వచ్చిన వరసే యంత్రం మీదా వచ్చింది. తన రిపోర్టు నిలబడింది. మేడం గారు లేచి చప్పట్లు మొదలెట్టారు, హాలంతా అందుకుంది. ఆ నలుగురు స్నేహితురాళ్ళూ వేదిక మీదకి పరిగెత్తుకొచ్చి తనని పట్టేసుకున్నారు. నా కళ్ళు చెమ్మగిల్లాయని రాయడానికి నాకేం మొహమాటం లేదు.

నాయనమ్మ ఐదో బీకరు చూసి, "ఇంక తాగొచ్చా?" అంది. తను వెంటనే మైకు తీసుకుంది. తేటగా కనిపించినంత మాత్రాన తాగకూడదు, మట్టి దిగింది గానీ సూక్ష్మజీవులన్నీ పోలేదు, వడగట్టి, క్లోరిన్ వేసో కాచి చల్లార్చో తాగాలి అని రెండుసార్లు చెప్పింది. కొట్లో గింజలు కొనేవాళ్ళు ముష్టిగింజలతో జాగ్రత్త అని కూడా చెప్పింది. పొగడ్తలకి తలొంచుకుని నిలబడ్డ పిల్ల ఈ మాటలు మాత్రం అందరి కళ్ళలోకీ చూస్తూ చెప్పింది.

శనివారం

యంత్రం కాలేజీ ల్యాబులో కిటికీకి దూరంగా పెట్టాం, ఎండ పడితే బీకర్లలో నీళ్ళు ఒకవైపు వేడెక్కుతాయి. బెల్టుల మీద మూత ఇంకా చెయ్యాలి. ఆడపిల్లల జడలు, చున్నీలు పడకుండా అది లేకుండా వాడనివ్వొద్దని మేడం గారికి చెప్పాను, వచ్చే వారం అక్రిలిక్ కోయించి బిగిస్తాను. రిజిస్టరులో అప్పుడే రెండు పేర్లు పడ్డాయి. ఒకరు మునగ గింజలతో చేస్తారట, మునగలో పనిచేసేది ధనావేశం ఉన్న ప్రోటీన్ గనక ఒక్కటే వేసినా బాగా తేరుస్తుందేమో చూడాలని వాళ్ళ ఆలోచన. ఇంకొకరు పటిక వేశాక పీహెచ్ ఎంత పడిపోతుందో కొలుస్తారు. వాళ్ళకి పీహెచ్ మీటరు మా షాపు నుంచి అప్పుగా ఇస్తున్నాను.

మా షాపు అమ్మాయి ఎమ్మెస్సీ సీటు కోసం పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాసింది, కౌన్సెలింగ్ మిగిలింది. సీటు ఎక్కడ వచ్చినా వెళ్తుంది, వెళ్ళాలి. అప్పటిదాకా సాయంత్రాలు వస్తానంది. వచ్చే నెల సర్వీసుకి వచ్చే నెఫెలోమీటర్ల పని, ఈ మధ్య చేరిన కుర్రాడికి గొట్టాలు తుడవడం నేర్పే పని, రెండూ తనకే రాసి పెట్టాను.